తాతమ్మ మీద చేతబడి నింద: ఎగ్మూరు రికార్డుల్లో వెతకడం ఎలా

చెన్నైలో రెండు మూడు తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాల్లో, ముఖ్యంగా ఉత్తరాంధ్ర, గోదావరి వైపు నుంచి వచ్చినవాళ్ళలో, ఒక కథ అప్పుడప్పుడూ వినిపిస్తుంది. తాతమ్మకో, ఆమె అత్తగారికో చిల్లంగి, అంటే చేతబడి, వచ్చని ఊళ్ళో పుకారు లేచింది. పశువులు చచ్చాయి, పిల్లలు పోయారు. ఆవిడను కొట్టారు, లేదా చంపేశారు. మిగిలినవాళ్ళు మూటాముల్లే సర్దుకుని మద్రాసు వచ్చేశారు. పెళ్ళిలో భోజనాలయ్యాక ఎవరో ఒకరు ఈ కథ ఎత్తుతారు, "ఇప్పుడెందుకే అవన్నీ" అని ఇంకొకరు ఆపేస్తారు. అందులో నిజమెంతో తేల్చుకోవాలని మీకుంటే, మీరున్న ఊరే అందుకు అనువైన చోటు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోయేదాకా కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రభుత్వం కిందే ఉండేవి. ఆ ప్రభుత్వం రాసుకున్న కాగితాల్లో పెద్ద భాగం ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లోనే ఉంది.

వెతకడానికి బయల్దేరే ముందు ఒక సంగతి బుర్రలో పెట్టుకోండి. ఇది తెలియక చాలామంది వారాల తరబడి తప్పు పేరు వెతుకుతారు.

మంత్రగత్తెల వేట అని నెట్‌లో కొడితే వచ్చేదంతా సేలం గొడవ. మన సేలం కాదు, అమెరికాలో మసాచుసెట్స్‌లోనిది. 1692లో అక్కడ 19 మందిని ఉరి తీశారు. స్కాట్లండ్‌లో మంత్రవిద్య నేరమని 1563లో చట్టం చేసి 1736 దాకా ఉంచారు. ఆ కాలంలో నింద పడిన 3,800 మందికి పైగా మనుషులతో ఎడిన్‌బరో యూనివర్సిటీ వాళ్ళు ఒక జాబితా తయారుచేశారు, అందులో కొందరి పేర్లు తెలియవు. ఆ దేశాల్లో మంత్రగత్తె అనిపించుకున్న మనిషే కోర్టులో ముద్దాయి. అందుకే ఆమె పేరు మీదే కేసుంటుంది, ఆ పేరుతో వెతికితే దొరుకుతుంది.

మన దగ్గర లెక్క తిరగబడుతుంది. 1860లో చేసి 1862 నుంచి అమలు పెట్టిన శిక్షాస్మృతిలో చేతబడి అనే నేరమే లేదు. ఊరంతా కలిసి ఒక ముసలమ్మను మంత్రగత్తెవని చంపితే, కోర్టు దృష్టిలో అది మామూలు హత్య. ముద్దాయి చంపినవాడు, ఆమె మృతురాలు. ఫైలు, సూచిక, తీర్పు అన్నీ చంపినవాడి పేరు మీదే నడుస్తాయి. కొన్నిచోట్ల ఆమె పేరు కూడా ఉండదు, "ఫలానా కులపు ముసలి ఆడమనిషి" అని వదిలేస్తారు. కాబట్టి మీ తాతమ్మ పేరు పట్టుకుని వెతకడం దండగ. ఆమెను ఎవరు చంపారని ఇంట్లో అనుకునేవారో, ఆ పేరు కావాలి. అది లేకపోతే ఊరి పేరు, జరిగిన సంవత్సరం కావాలి.

దీనికి ఇంకో కొస కూడా ఉంది. కాగితాల్లో చక్కగా, తండ్రి పేరు, వయసు, ఊరితో సహా దొరికేది చంపినవాళ్ళ కుటుంబం. "మావాళ్ళను చంపారు" అని మూడు తరాలుగా చెప్పుకున్న ఇంట్లోవాళ్ళకు, తీరా ఫైలు తెరిస్తే ముద్దాయిల్లో తమ ఇంటిపేరే కనబడొచ్చు. ఆ సంగతి ఇంట్లో పెద్దవాళ్ళకు చెబుతారా లేదా అన్నది ఎగ్మూరు వెళ్ళకముందే ఆలోచించుకోండి.

ముందు ఇంట్లో అడగండి

చేతబడి మాట ఎత్తకుండా మొదలుపెట్టడం మంచిది. ఎత్తారా, పెద్దవాళ్ళు నోరు మూసుకుంటారు, లేకపోతే సినిమా కథ చెబుతారు. ఊరి పేరు అడగండి, దగ్గర్లో సంత ఎక్కడ జరిగేదో అడగండి, మునసబు ఎవరో, కరణం ఎవరో, ఏ జమీందారు కిందో అడగండి. మద్రాసుకు ఎలా వచ్చారో తప్పకుండా అడగాలి. "విశాఖపట్నం దగ్గర రైలెక్కి తిన్నగా వచ్చేశాం" అంటే అది 1900 తర్వాతి మాట. రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవలాక్ వంతెన మీదుగా రైళ్ళు ఆ ఏడే మొదలయ్యాయి. "కాలవ మీద పడవలో వచ్చాం" అంటే బకింగ్‌హాం కాలవ, ఇంకాస్త పాత సంగతి అయ్యుండొచ్చు. బిన్నీ మిల్లులో పనికి చేరారంటే పెరంబూరు. ఇలాంటి చిన్న చిన్న మాటలతోనే జరిగిన కాలం పదేళ్ళ లోపుకి దిగుతుంది.

ఇంట్లో వాడే మాట కూడా దారి చూపిస్తుంది. చేతబడిని బాణామతి అంటుంటే మూలాలు తెలంగాణ వైపు ఉండే అవకాశం ఎక్కువ. అప్పుడు మీ కాగితాలు నిజాం ప్రభుత్వానివి, వాటికి హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్ళాలి. ఎగ్మూరులో వెతికి లాభం లేదు.

తద్దినాలు పెట్టే ఇళ్ళల్లో అయితే పురోహితుణ్ణి కాకుండా పెట్టే ఆయన్నే అడగండి. తల్లి, నాయనమ్మ, ముత్తవ్వ అని మూడు తరాల ఆడవాళ్ళ పేర్లు ఆయన నోటికి వచ్చి ఉంటాయి. కాగితాల్లో ఎక్కడా లేని ఆడవాళ్ళ పేర్లు అక్కడ బతికుంటాయి. ఆ వరసలో ఒక పేరు దాటేసి, లేదా ఒకే తరానికి రెండు పేర్లు చెబితే ఆగి అడగండి. రెండో పెళ్ళి కావచ్చు, అర్ధాంతరపు చావు కావచ్చు.

ఊళ్ళో పేరంటాలు గుడి ఏదైనా ఉందేమో కనుక్కోండి. అకాలంగా, అన్యాయంగా పోయిన ఆడదాన్ని పేరంటాలుగా నిలిపి పసుపు కుంకుమలు పెట్టడం కోస్తాలో మామూలే. మీ ఇంటివాళ్ళు మాత్రమే ఏటా చీర పెట్టే పేరంటాలు ఉంటే ఆమె ఎవరో తెలుసుకోవాల్సిందే. అయితే ప్రతి పేరంటాలూ చేతబడి నిందతో పోయినామె అనుకోకండి. సతులు, నూతిలో దూకినవాళ్ళు, పురుట్లో పోయినవాళ్ళు వీళ్ళలో చాలా ఎక్కువ.

విజయనగర కాలంలోనో, నాయకుల కాలంలోనో తమిళనాడు చేరిన కుటుంబాలకు మాత్రం ఈ వెతుకులాట పనికిరాదు. అంత వెనక్కి వెళ్ళే కేసు కాగితం దొరకదు.

ఊరు అప్పట్లో ఏ జిల్లా?

ఇప్పటి జిల్లా పేరుతో వెళితే సూచికల్లో ఏమీ కనబడదు. అప్పటి విజగపటం (విశాఖపట్నం) జిల్లా ఎంత పెద్దదంటే, ఇప్పటి విజయనగరం, పార్వతీపురం, అరకు, పాడేరు ప్రాంతాలతో పాటు జయపురం, కోరాపుట్ కూడా అందులోనే. గంజాం జిల్లాలో బరంపురం, శ్రీకాకుళం వైపు ఊళ్ళు ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు కోరాపుట్, గంజాంలో ఎక్కువ భాగం అటు పోయాయి. 1925లో కృష్ణా జిల్లాలోంచి పశ్చిమ గోదావరిని విడదీశారు, పాత గోదావరి జిల్లా తూర్పు గోదావరి అయింది. మీ ఊరు సరిహద్దు మీద ఉంటే రెండు జిల్లాల పేర్లతోనూ చూడాలి.

దొరల గుమాస్తాలు ఊళ్ళ పేర్లు చెవికి ఎలా వినబడితే అలా రాశారు. కాకినాడ కోకనాడ అయింది, భీమునిపట్నం బిమ్లిపటం అయింది, మచిలీపట్నం మసూలిపటం అయింది. చిన్న ఊళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. మీ ఊరి పేరును ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో ముందే ఒక కాగితం మీద రాసుకు వెళ్ళండి. మనుషుల పేర్లకూ అంతే. అప్పలస్వామి అప్పడు అవుతాడు, రామయ్య రామిగాడు అవుతాడు. ఆ 'గాడు' పేరులో భాగంగానే అచ్చయిపోతుంది. ఇంటిపేరు ఒకచోట ఉంటుంది, ఇంకోచోట ఉండదు.

కొండ ప్రాంతం అయితే ఇంకో మెలిక. 1839 చట్టంతో గంజాం, విజగపటం ఏజెన్సీల్ని మామూలు కోర్టుల నుంచి తప్పించి, గవర్నరు తరఫు ఏజెంటు చేతిలో పెట్టారు. కలెక్టరే ఏజెంటు. కాబట్టి అరకు, పాడేరు వైపు కేసుకి సెషన్సు జడ్జి తీర్పు కోసం వెతక్కండి. ఏజెంటు రాసిన ఉత్తరాలు, నివేదికల్లో వెతకండి. గోదావరి ఏజెన్సీకి కూడా తర్వాత వేరే ఏర్పాట్లు వచ్చాయి.

ఎగ్మూరులో ఏం అడగాలి

ఎగ్మూరు స్టేషన్ ఎదురుగా గాంధీ ఇర్విన్ రోడ్డు మీద ఎర్ర భవనం. 1909లో మద్రాసు రికార్డు ఆఫీసుగా మొదలైంది ఇదే. లోపల చదువుకోవడానికి అనుమతి కావాలి. గుర్తింపు కార్డు, ఏ విషయం మీద చూస్తున్నారో రాసిన దరఖాస్తు పెట్టుకోవాలి. యూనివర్సిటీలో చదివేవాళ్ళయితే గైడు దగ్గర ఉత్తరం తీసుకెళ్ళండి, పని తేలికవుతుంది. నిబంధనలు మారుతూ ఉంటాయి కనుక ముందొకసారి వెళ్ళి అడిగి రావడమే మేలు. దరఖాస్తులో "మా తాతమ్మ చేతబడి" అని రాయొద్దు. "1900 నుంచి 1920 దాకా విజగపటం జిల్లా హత్య కేసులు, న్యాయశాఖ ఉత్తర్వులు" అని రాయండి. అలా రాస్తే లోపలివాళ్ళకు ఏ అలమర తెరవాలో తెలుస్తుంది. తమిళం రాకపోయినా ఇబ్బందేమీ లేదు. కాస్త తమిళం, కాస్త ఇంగ్లీషు కలిపి మాట్లాడితే చాలు.

మీకు కావలసింది జుడిషియల్ డిపార్ట్‌మెంట్ ప్రభుత్వ ఉత్తర్వులు. జీవో అంటే అందరికీ తెలుసు. తిన్నగా కట్టలు అడగొద్దు, ముందు ఏడాదివారీ అచ్చు సూచికలు అడగండి. సూచికలో కేసు ఇలా కనబడుతుంది: 'మర్డర్', పక్కన జిల్లా పేరు, ముద్దాయి పేరు, 'పిటిషన్ ఫర్ మెర్సీ' (క్షమాభిక్ష అర్జీ), 'కమ్యుటేషన్' (శిక్ష తగ్గింపు), చివర జీవో నంబరు, తేదీ. అందులో చేతబడి అనే మాట ఉండకపోవచ్చు. అయినా 'విచ్‌క్రాఫ్ట్', 'సార్సరీ', 'విజార్డ్', 'సూపర్‌స్టిషన్' అన్న నాలుగు మాటల కింద తప్పకుండా చూడండి. అవి చూశాక జిల్లా పేరు కింద ఉన్న హత్యలన్నీ ఒక్కొక్కటిగా చూడాలి. దగ్గర దారి లేదు.

హత్య కేసులన్నీ ప్రభుత్వం దాకా ఎందుకొస్తాయి అంటే, అన్నీ రావు. ఉరిశిక్ష పడినవాటిని సెషన్సు జడ్జి హైకోర్టు ఖాయం చేయడానికి పంపాలి. మద్రాసు హైకోర్టులో దాన్ని రెఫర్డ్ ట్రయల్ అంటారు. అక్కడ ఖాయమయ్యాక ముద్దాయి గవర్నరుకు క్షమాభిక్ష అర్జీ పెడతాడు. ఆ అర్జీతో పాటు తీర్పు నకలు, జడ్జి అభిప్రాయం కలిసి న్యాయశాఖకు చేరతాయి. ముద్దాయి నిజంగానే చేతబడికి భయపడి చంపాడని తోచినప్పుడు ఉరిని ద్వీపాంతరంగా మార్చిన సందర్భాలు వలస కాలంలో ఉన్నాయి. అందుకే మీ ఇంటి కథలో "అండమాన్ పంపించేశారు" అన్న ముక్క ఉంటే సంతోషించండి. కేసు పై దాకా వెళ్ళిందన్నమాట, కాగితం దొరికే అవకాశం ఎక్కువ. అండమాన్ ఖైదీల వలస 1858లో మొదలైంది.

కొట్టి, పళ్ళు ఊడగొట్టి, ఊళ్ళోంచి వెలేసిన గొడవలు ఇంత పైకి రావు. పళ్ళు లేకపోతే మంత్రం సరిగా పలకదని నమ్మకం. ఆ పాపపు పని ఈ మధ్య దాకా పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. ఇలాంటివి తాలూకా మేజిస్ట్రేటు దగ్గరే ముగిసిపోయి ఉంటాయి, ఆ కాగితాలు గడువు తీరాక తీసేస్తారు. వీటికి పోలీసు శాఖ ఏటా అచ్చువేసిన పరిపాలనా నివేదికలు చూడాలి. అక్కడా పేర్లు తక్కువ, కానీ ఏ ఏడు ఏ తాలూకాలో గొడవలు జరిగాయో ఆచూకీ తగలొచ్చు.

ఫైలు చేతికొచ్చాక

నాడా కట్టిన కట్ట, అంచులు విరిగిపోయే కాగితం. పెన్ను బయటికి తీయకుండా పెన్సిలుతో రాసుకోండి. ముందు జీవో నంబరు, తేదీ, శాఖ పేరు రాసుకున్నాకే చదవడం మొదలుపెట్టండి. తర్వాత నకలు కావాలన్నా, మళ్ళీ అదే ఫైలు తీయించాలన్నా అవే ఆధారం.

తీర్పులో చివరి పేరా చదివి వదిలేయకండి. మీకు పనికొచ్చేది సాక్షుల వాంగ్మూలాల్లో ఉంటుంది. "మొదటి సాక్షి మృతురాలి కోడలు" అన్న ఒక్క ముక్కతో రెండు తరాలు కలుస్తాయి. శవ పంచాయతీలో, అంటే శవ పంచనామాలో, సంతకాలు, వేలిముద్రలు పెట్టిన పంచాయతీదార్ల పేర్లు చూడండి, వాళ్ళు ఊరి పెద్దలు. మీ ఇంటివాళ్ళు చంపినవాళ్ళలోనూ, పోయినవాళ్ళలోనూ లేకుండా పంచాయతీదార్ల వరసలో ఉండొచ్చు. జరిగింది చూస్తూ నిలబడ్డ కుటుంబం, కథ చెప్పుకునేటప్పుడు మెల్లగా బాధితుల వైపు జరిగిపోతుంది.

ముద్దాయి ఒప్పుకోలు ఉంటే అది మేజిస్ట్రేటు ముందు చెప్పినదే అయ్యుంటుంది. 1872 సాక్ష్యచట్టం ప్రకారం పోలీసుల ముందు ఒప్పుకున్నది చెల్లేది కాదు. దాన్ని చదివేటప్పుడు ఎన్ని నోళ్ళు మారిందో గుర్తుంచుకోండి. కొండ మనిషి కువిలోనో సవరలోనో కోయలోనో చెప్పాడు, దుబాసీ తెలుగులో అన్నాడు, గుమాస్తా ఇంగ్లీషులో రాశాడు. 'విజార్డ్' అన్న మాట ఆ గుమాస్తాది. ఫైల్లో తెలుగు వాంగ్మూలం కూడా కట్టి ఉంటే దాన్నే ముందు చదవండి.

ఇక కారణం. ఫైలు "పిల్ల చచ్చిపోయినందుకు కోపం" అని చెబుతుంది. దాంతో ఆగకుండా ఆ ఏడు ఆ తాలూకాలో కలరా వచ్చిందా, మశూచి వచ్చిందా అని శానిటరీ కమిషనరు ఏటా వేసిన నివేదికల్లో చూడండి. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు, 1918లో ఇన్‌ఫ్లుయెంజా. ఆ ఏళ్ళలో ఒక ఇంట్లో నలుగురు పోవడం వింత కాదు. ఆమె వెధవరాలా, పేర పొలం ఉందా, ఆ పొలం తర్వాత ఎవరి చేతికి పోయిందో కూడా చూడాలి. నా మటుకు నేను పొలం సంగతే ముందు చూస్తాను. చాలాసార్లు చేతబడి మాట పైకి కనబడేది, లోపల గట్టు తగాదా ఉంటుంది. ఇనాం రిజిస్టర్లు, సెటిల్‌మెంటు రిజిస్టర్లు ఇందుకు పనికొస్తాయి. ఊరి మునసబు రాసిన జనన మరణ పుస్తకాలు దొరికితే అదృష్టమే. 1984లో మునసబు, కరణం పదవులు రద్దు చేశాక చాలా ఊళ్ళ పాత పుస్తకాలు ఎటు పోయాయో దేవుడికే ఎరుక.

ఎగ్మూరు బయట

ఆర్కైవ్స్ నుంచి పాంథియన్ రోడ్డు మీద కన్నెమరా లైబ్రరీ నడిచి వెళ్ళేంత దూరం. 1896 నాటిది. జిల్లా గెజిటీర్లు, అంటే జిల్లా వివరాల పుస్తకాలు, అక్కడ అడగండి. విజగపటానికి ఫ్రాన్సిస్, గోదావరికి హెమింగ్వే 1907లో రాసినవి. ఆ పక్కనే ఉన్న మ్యూజియంకు సూపరింటెండెంటుగా చేసిన థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన ఏడు సంపుటాల కులాల పుస్తకంలో, 1912 నాటి శకునాల పుస్తకంలో చేతబడి కబుర్లు చాలా ఉన్నాయి. వాటిని ఊరి వాతావరణం తెలుసుకోవడానికి చదవండి తప్ప సాక్ష్యంగా ఎత్తి రాయకండి. ఆయన చాలావరకు ఇతరులు పంపిన కబుర్లు కూర్చాడు.

పత్రికల్లో ఆంధ్రపత్రిక 1914 నుంచి మద్రాసులో దినపత్రికగా వచ్చింది. పాత తెలుగు పత్రికలు కొన్ని ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ స్కాన్ చేసి నెట్‌లో పెట్టింది. హైకోర్టు తీర్పుల్లో అచ్చయినవి ఇంట్లో కూర్చునే చూడొచ్చు. 'ఇండియన్ లా రిపోర్ట్స్' మద్రాసు వరస 1876 నుంచి, 'మద్రాస్ లా జర్నల్' 1891 నుంచి ఉన్నాయి. పాత తీర్పులు కొన్ని 'ఇండియన్ కానూన్' సైట్లో వెతికితే తగులుతాయి. పైన చెప్పిన నాలుగు ఇంగ్లీషు మాటలే అక్కడా వాడండి. నా సలహా అయితే ఎగ్మూరు వెళ్ళకముందే ఒక సాయంత్రం ఈ పని ముగించండి.

ఎగ్మూరులో ఫైలు దొరకలేదన్నా, ముట్టుకుంటే పొడి అయిపోతుందని ఇవ్వకపోయినా ఆశ వదులుకోవద్దు. మద్రాసు ప్రభుత్వ ప్రొసీడింగ్స్ నకళ్ళు ఏటా లండన్ పంపేవారు, అవి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. లండన్‌లో చదువుకుంటున్న మేనల్లుడో మేనకోడలో ఎవరో ఒకరు ఉండకపోరు. కోరాపుట్, గంజాం సంగతులకు భువనేశ్వర్ ఆర్కైవ్స్ కూడా అడగాలి.

అమెరికా కోడలు, అల్లుడు ఉన్న ఇళ్ళకు

ఇప్పుడు చెన్నైలో ఇలాంటి ఇళ్ళు తక్కువేం కాదు. మనవడి తల్లి వైపు మసాచుసెట్స్ మూలాలుంటే సేలం సంబంధం వెతకడం మన పనికంటే చాలా తేలిక. అక్కడ ఉరి తీసిన రెబెక్కా నర్స్, ఆమె చెల్లెలు మేరీ ఈస్టీ వంటి వాళ్ళ సంతానం తరతరాలుగా లెక్కకట్టి ఉంది. అక్కడి కోర్టు కాగితాలు చాలావరకు నెట్‌లో చదవొచ్చు. 1711లో ఆ ప్రభుత్వం కొందరిపై నింద కొట్టేసి, వారసులకు డబ్బు కూడా ఇచ్చింది. ఆ చెల్లింపు కాగితాల్లో వారసుల పేర్లు ఉంటాయి. ఒక జాగ్రత్త: నెట్‌లో జనం తయారుచేసిన వంశవృక్షాలు నమ్మి రాసుకోకండి. ఒక్కో తరానికీ చర్చి పుస్తకమో వీలునామానో చూపించగలిగితేనే సంబంధం ఉన్నట్టు. వాళ్ళ కథలోనూ అందరూ ఉరి తీయబడినవాళ్ళ సంతానమే. నింద వేసినవాళ్ళ సంతానం ఎక్కడా కనబడదు!

మనవాళ్ళేనా అని తేల్చడం

పేరు కలిసినంత మాత్రాన మీవాళ్ళు కారు. విజగపటంలో అప్పలస్వాములు వేలల్లో ఉంటారు. ఊరు కలవాలి, ఇంటిపేరో కులమో కలవాలి, సంవత్సరం కలవాలి. వీటికి తోడు ఇంట్లో చెప్పిన ఒక చుట్టం పేరైనా ఫైల్లో కనబడాలి. మూడే కలిస్తే "కావచ్చు" అని రాసుకోండి. వంశవృక్షంలో అలాంటి గీత పెన్సిలుతోనే గీయండి, పక్కన జీవో నంబరు వేయండి.

ఊరికి వెళ్ళి అడగాలనిపిస్తుంది, సహజమే. అక్కడ మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. ఏజెన్సీ ఊళ్ళలో చిల్లంగి నెపంతో మనుషుల్ని చంపడం పాత కథ కాదు, పేపర్లో వస్తూనే ఉంటుంది. మీరు చెన్నై నుంచి కారేసుకెళ్ళి "మా తాతమ్మ మీద చిల్లంగి నింద వేశారట" అని టీ కొట్టు దగ్గర అంటే, మీరు సాయంత్రానికి వచ్చేస్తారు. ఆ ఇంటిపేరుతో ఇంకా అక్కడే ఉంటున్న మీ దాయాదుల ఆడవాళ్ళు అక్కడే ఉంటారు. ఎప్పుడో మరిచిపోయిన మాట వాళ్ళ మీద మళ్ళీ లేవొచ్చు. అందుకే ఊళ్ళో పొలం సంగతి, పాత ఇల్లు, మునసబు వంశం, పేరంటాలు గుడి గురించి అడగండి. చేతబడి మాట మీ నోట రావద్దు. చంపినవాళ్ళ మనవల ఇల్లు ఫలానా అని తెలిసినా ఆ గుమ్మం తొక్కకండి.

దొరికినది రాసి చుట్టాలకు పంచేటప్పుడు కూడా ఊరి పేరు, బతికున్నవాళ్ళ ఇంటిపేర్లు తీసేసిన ప్రతి ఒకటి వేరుగా పెట్టుకోండి. కుటుంబం వాట్సాప్ గ్రూపులోకి ఫైలు ఫోటోలు వదలొద్దు, అవి గంటలో ఆ ఊరు చేరతాయి. పూర్తి ప్రతి ఇద్దరు ముగ్గురి దగ్గర ఉంటే చాలు. అందులో జీవో నంబర్లు, ఏ తేదీన ఏ కట్టలో చూశారో, ఎవరు ఏ మాట చెప్పారో రాసి పెట్టండి. సూచికల్లో ఏ ఏళ్ళు చూసేశారో, ఏ ఏళ్ళు ఇంకా మిగిలాయో కూడా రాయండి. ముందు ముందు ఎవరైనా మళ్ళీ ఎగ్మూరు వెళితే ఆ మిగిలిన ఏళ్ళ దగ్గర నుంచే మొదలుపెట్టుకుంటారు.